విత్తు పట్టని పువ్వు సఫర్‌నామా

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో నిలబడి ‘లిల్లీ’ అని అడగండి. తెల్లటి పూలు తూకం వేసి కవర్లో పోసి ఇస్తారు. దండల్లోకి వాడే పూలు అవి. కొందరు నేలసంపెంగ అంటారు. మా ఇళ్లల్లో దాని పేరు గుల్‌షబ్బో. షబ్ అంటే రాత్రి, బూ అంటే వాసన. రాత్రిపూట ఖుష్బూ ఇచ్చే పువ్వు కనుక ఆ పేరు. ఇంగ్లీషువాళ్ల అసలు లిల్లీ వేరు, ఉల్లిగడ్డ లాంటి గడ్డ నుంచి వస్తుంది. నేను ఇవాళ చెప్పబోయే డేలిలీ ఈ రెండూ కాదు. పేరులో లిల్లీ ఉంది గానీ ఖాందాన్ వేరు. దీనికి గడ్డ ఉండదు, లావుపాటి వేళ్ల కుదురు ఉంటుంది. గడ్డిపోచల్లాంటి పొడుగాటి ఆకులు, మధ్యలోంచి లేచే ఒక కాడ, కాడ చివర పది పన్నెండు మొగ్గలు. ఒక్కో మొగ్గకు ఒక్కటే రోజు ఉమర్. ఫజర్ వేళకు విచ్చుకుంటుంది, మగ్రిబ్ దాటాక ముడుచుకుపోతుంది. మర్నాడు పక్క మొగ్గ వంతు. గ్రీకులో హేమెరా అంటే రోజు, కల్లోస్ అంటే హుస్న్. ఆ రెండూ కలిపి దీనికి హెమెరోకాలిస్ అని పేరు పెట్టారు. ఒక్క రోజు అందం అన్నమాట.

న్యూజెర్సీలో ఉండే మా ఆపా ఇంటి ముందు నాలుగడుగుల వెడల్పున ఖాళీ నేల ఉంది. ఏటేటా కొత్తగా నాటే ఓపిక లేదు, ఒకసారి పెడితే పదేళ్లు వచ్చేవి చెప్పు, డేలిలీల్లో ఏవి మంచివి, అని అడిగింది. నాకున్న బాగ్‌బానీ షౌక్ ఆమెకు తెలుసు. రెండు నిమిషాల్లో జవాబు ఇవ్వొచ్చనుకున్నాను. రిజిస్టర్ అయిన డేలిలీ రకాలు లక్ష దాటాయని అప్పుడు తెలిసింది. లక్షలోంచి ఏరాలంటే ఎవరు ఎవరి బిడ్డో తెలియాలి కదా. అలా శజరా వెతుక్కుంటూ పోతే తారీఖ్ తగిలింది.

వతన్ చైనా వైపు. అక్కడ దీనికి రెండున్నర వేల ఏళ్ల పైబడిన పేరు ఉంది. చైనీయుల ప్రాచీన కావ్యసంకలనం షీజింగ్‌లో ఒక భార్య మాట్లాడుతుంది. భర్త లడాయికి పోయాడు. బాధను మరిపించే మొక్క ఎక్కడైనా దొరికితే ఇంటి వెనక నాటుకుంటానని ఆమె అంటుంది. ఆ మరపు మొక్క డేలిలీయే అని తర్వాతివాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. చైనీయుల ఇంట్లో వెనకవైపు, అంటే ఉత్తరం గది, అమ్మది. అలా తిరిగి తిరిగి ఈ పువ్వు అమ్మకు నిషానీ అయింది. మన దగ్గర అమ్మల పండుగకు గులాబీ కొంటున్నాం గానీ, చైనాలో అమ్మ పువ్వు ఎప్పటినుంచో ఇదే.

దానికి ఇంకో పేరు కూడా ఉంది, ‘మగపిల్లాడికి తగినది’ అనే అర్థంలో. కడుపుతో ఉన్న ఆడమనిషి ఈ పువ్వును ఒంటి మీద పెట్టుకుంటే కొడుకు పుడతాడని నమ్మకం. ఎక్కడికి పోయినా ఇదొకటి తప్పదు! ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

అమ్మ పువ్వు కనుక వంటింట్లోకీ వచ్చింది. పసుపుపచ్చ రకాల మొగ్గలను విచ్చుకోకముందే కోసి, ఆవిరి పట్టి, ఎండబెడతారు. బంగారు సూదులు అని పిలుస్తారు. షోర్బాల్లో, పుట్టగొడుగుల కూరల్లో వేస్తారు. ఉడుకుతున్నప్పుడు విడిపోకుండా ఒక్కో మొగ్గను ముడి వేసే వంటవాళ్లూ ఉన్నారు. ఇందుకు ఎక్కువగా పండించే జాతి సిత్రినా, దాని టైమ్ ఉల్టా: సాయంత్రం విచ్చుకుని రాత్రంతా ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. మనిషి తినే ఈ మొక్క పిల్లికి జహర్. ఆకు నమిలినా, పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడై చచ్చిపోవచ్చు. పిల్లిపిల్లల మీద ప్రేమతో అబూ హురైరా అనే పేరు తెచ్చుకున్న సహాబీ ఉన్న ఉమ్మత్ మనది, పిల్లులు మన ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ దాకా వస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లో ఈ పూలు వాజ్‌లో పెట్టకండి, పెరట్లోనూ ఆలోచించి నాటండి.

యూరప్‌కు ఇది 16వ శతాబ్దంలోనే చేరింది. అక్కడి మూలికల కితాబుల్లో మొదట పసుపు రకం కనిపిస్తుంది, కొంచెం వెనకగా నారింజ రకం. 1753లో లిన్నేయస్ మొక్కలన్నిటికీ పేర్లు పెడుతూ ఈ రెంటినీ ఒకే జాతి కింద రాసేశాడు. తొమ్మిదేళ్ల తర్వాత 1762లో వేరు చేశాడు. పసుపుది ఫ్లావా అయింది, నారింజది ఫుల్వా. పసుపుదాన్ని ఇప్పుడు లీలియోఅస్ఫోడేలస్ అనే నోరు తిరగని పేరుతో పిలుస్తున్నారు, మామూలుగా లెమన్ లిల్లీ అంటే చాలు. నా లిస్టులో మొదటిది ఇదే. వసంతం చివర్లో, మిగతా డేలిలీలు ఇంకా ఆకుల్లోనే ఉండగా ఇది పూస్తుంది. పువ్వు చిన్నది, కాడ నాజూకు, వాసన మాత్రం కమాల్. నాలుగు వందల ఏళ్లకు పైగా తోటల్లో ఉన్న మొక్క, ఎవరూ సరిదిద్దాల్సిన అవసరం రాలేదు.

నారింజ రంగు ఫుల్వా కిస్సా వేరు. యూరప్‌లో వ్యాపించిన ఫుల్వాకు కాయ పట్టదు. ఎన్ని పూలు పూసినా విత్తనం లేదు. కానీ భూమిలోపల వేళ్లతో పాటు పక్కకు పాకుతుంది. ఒక ముక్క తవ్వి ఎక్కడ పడేసినా లేచి నిలబడుతుంది. వలసవెళ్లినవాళ్లు ఆ ముక్కల్ని ఓడల్లో అమెరికాకు తీసుకెళ్లారు. అక్కడ ఇంటి ముందు నాటుకున్నారు, పక్కింటికి ఇచ్చారు, బిడ్డ అత్తారింటికి పోతుంటే మూటగట్టి పంపారు. ఇప్పుడు అమెరికా తూర్పు రాష్ట్రాల రోడ్ల పక్కన జూన్, జూలైల్లో వరసలు వరసలుగా పూసేది అదే. ఇల్లు కూలిపోయి, పునాది కూడా మట్టిలో కలిసిపోయిన చోట ఈ పూల గుంపు కనబడితే అక్కడ ఒకప్పుడు గుమ్మం ఉండేదని గుర్తుపట్టేవాళ్లున్నారు. అయినా దాని ఇజ్జత్ ఏమిటంటే, మురిక్కాలవ లిల్లీ అని పేరు. ఇంకా ఘోరంగా, పాతకాలపు బయటి పాయిఖానాల పక్కన పెరిగేది కనుక ఆ పేరుతోనూ పిలిచారు. నర్సరీవాళ్లు అమ్మరు. షౌకీన్లు దాన్ని తోటలోంచి పీకి బయట పారేస్తారు, పారేసిన చోట కూడా పూస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మా పెద్ద ఫుప్పుకి పిల్లలు లేరు. ఖాందాన్‌లో ఎవరి పెళ్లయినా మాంజా రోజు పెళ్లికూతురికి పసుపు పెట్టడానికి పిల్లలున్న సుహాగన్లను పిలిచేవాళ్లు. ఫుప్పు వంటింట్లోనే ఉండిపోయేది, ఎవరూ పొమ్మనకముందే. వెనక బాంజ్ అనే మాట వినపడేది, పెద్ద గొంతుతో కాదు, వినపడేంత గొంతుతో. మా తరం పదిహేడు మందిలో తొలి ఖాయిదా ఆమె దగ్గర చదవనివాళ్లు లేరు. అలిఫ్ మీద వేలు పెట్టించింది ఆమే, బే కింద చుక్క చూపించిందీ ఆమే. ఆ పదిహేడు మందిలో ఇప్పుడు కొందరు జెద్దాలో, కొందరు డల్లాస్‌లో, ఒకరు మా ఆపా. నేను ఫుల్వా గురించి చదువుతున్నంతసేపూ, కొడుకును ఇస్తుందని పేరున్న పువ్వుకే కాయ పట్టదన్న చోట ఆగిపోయాను.

ఆ ప్రశ్న ఇంకో పిల్లాడికి కూడా వచ్చింది. ఆర్లో బర్డెట్ స్టౌట్, 1876లో పుట్టాడు, అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెరిగాడు. వాళ్ల అమ్మ ఇంటి దగ్గర ఈ నారింజ డేలిలీలు పెంచేది. ఇన్ని పూలు పూస్తున్నాయి, ఒక్క కాయ లేదేమిటి అని ఆ పిల్లాడికి పట్టుకుంది. అమ్మ తోటలో పుట్టిన ఆ సవాల్‌ను పెద్దయ్యాక కూడా వదల్లేదు. 1911లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో చేరాడు. మొక్కల్లో వంధ్యత్వం ఆయన ఉద్యోగం, డేలిలీ ఆయన ఇష్క్.

జవాబు రెండు అంతస్తుల్లో దొరికింది. మొదటిది: ముక్కలుగా పంచుకున్న మొక్క కనుక అక్కడి రోడ్ల పక్క ఉన్న నారింజ డేలిలీలన్నీ నిజానికి ఒకే మొక్క. ఒక కుదురు పుప్పొడి ఇంకో కుదురు మీద పడినా తన పుప్పొడి తన మీద పడినట్టే, తనతో తాను కలవడాన్ని ఈ మొక్క ఒప్పుకోదు. లండన్ తోటలో ఉన్నదీ, ఒహాయో పొలంగట్టు మీద ఉన్నదీ ఒకటే జాన్. రెండోది: మామూలు డేలిలీలో 22 క్రోమోజోములు, అంటే 11 జోడీలు. ఈ మొక్కలో 33. మూడేసి ఉన్నచోట జోడీలు సరిగ్గా కుదరవు, అందుకే బయటి పుప్పొడి తెచ్చి వేసినా కాయ దాదాపు నిలవదు. స్టౌట్, ఆయన మనుషులు వేల పూలకు చేత్తో పుప్పొడి రాశారు. చేతికొచ్చిన గింజలు అతి కొద్ది. ఆ సబర్ చూడండి! అసలు పేరే లేని ఈ రోడ్డు పక్క మొక్కకు ‘యూరోపా’ అని రకం పేరు పెట్టిందీ ఆయనే. దాని పుప్పొడి అక్కడక్కడా పనిచేసింది కూడా. ఆయన పుట్టించిన కొన్ని రకాల శజరాల్లో యూరోపా పేరు ఉంటుంది. నా లిస్టులో రెండోది ఇది. తోట సాఫ్‌గా, లైన్లుగా ఉండాలనుకునేవాళ్లకు వద్దంటాను, సరిహద్దులు ఒప్పుకోని మొక్క. వెనక కంచె పక్కన, ఏదీ బతకని చోట వేసుకోండి.

దీని అన్న లాంటిది ఒకటి జపాన్ నుంచి వచ్చింది, రేకుల మీద రేకులున్న క్వాన్సో. పేరు జపనీయుల కంజో అనే మాట నుంచే. ఎంగెల్‌బర్ట్ కెంప్ఫర్ అనే జర్మన్ హకీం 1712లో వేసిన కితాబులో దీని ప్రస్తావన ఉంది. అదే కితాబులో సగానికి పైగా సఫవీల ఇరాన్ గురించి, ఇస్ఫహాన్ గురించి, ఖర్జూరం గురించి. ఇస్ఫహాన్ బాగులు చూసిన కళ్లే నాగసాకిలో ఈ పువ్వునూ చూశాయి.

స్టౌట్‌కు ముందు రంగులు రెండే అనుకోండి, పసుపు, నారింజ. ఇంగ్లండులో యార్క్ పట్నపు స్కూలు ఉస్తాద్ జార్జ్ యెల్డ్ 1890లలో ‘ఆప్రికాట్’ అనే సంకరాన్ని తీసి దారి తెరిచాడు, అదీ ఆ రంగుల ఇలాఖాలోదే. స్టౌట్‌కు ఎరుపు కావాలి. నాన్‌జింగ్ యూనివర్సిటీలో పనిచేసే ఆల్బర్ట్ స్టీవర్డ్ అనే బొటానిస్టు 1920లలో చైనా కొండల నుంచి అడవి మొక్కలు పంపుతూ ఉండేవాడు. వాటిలో గులాబీ రంగు ఫుల్వా ఒకటి. ఇవాళ లక్ష రకాల్లో కనిపించే గులాబీల్లో చాలావాటి నసల్ వెనక్కి పోతే ఆ కొండ పువ్వు దగ్గరికే చేరుతుంది. ఎరుపు ‘థెరాన్’ 1934లో బయటికొచ్చింది, స్టౌట్ ‘డేలిలీస్’ గ్రంథం కూడా అదే ఏడు. వేల మొలకలు పెంచి, చూసి, పారేసి, చివరికి ఆయన పేరు పెట్టినవి వంద లోపే. ఇవాళ కొందరు బ్రీడర్లు ఒక్క సీజన్‌లో డజన్లు రిజిస్టర్ చేస్తున్నారు. ఆ పారేసే హిమ్మత్ తగ్గిపోయిందేమో అని నా షక్. ‘థెరాన్’ పక్కన ఇప్పటి ఎరుపులు పెడితే అది మట్టిరంగులా వెలవెలబోతుంది. అయినా పాత రకాలు పెంచేవాళ్ల దగ్గర దొరికితే వదలకండి.

ఖుష్బూ కావాలంటే మాత్రం ‘హైపీరియన్’. ఇండియానాకు చెందిన ఫ్రాంక్లిన్ మీడ్ 1924లో ఇచ్చినది. నిమ్మపసుపు, పొడుగాటి కాడ, లెమన్ లిల్లీ అయిపోయాక నడి వేసవిలో పూస్తుంది. వందేళ్లు నిండాయి, ఇంకా కేటలాగుల్లో ఉంది. రంగులు, అంచుల కుచ్చులు, గొంతులో కన్ను, ఇవన్నీ పెంచుకుంటూ పోయిన కొత్త రకాల్లో వాసన వెనకబడిపోయింది. కేటలాగ్ ఫొటోలో వాసన కనబడదు కదా, బాధ పడేవాళ్లు తక్కువ.

ఈ షౌక్‌ను ఊరూరా తీసుకెళ్లింది ఒక రేడియో గొంతు. అయోవా రాష్ట్రంలో షెనెండోవా అనే చిన్న పట్నంలో హెలెన్ ఫీల్డ్ ఫిషర్ అనే పెద్దావిడ రేడియోలో తోటల గురించి ముచ్చట్లు చెప్పేది. ఆమె శ్రోతలు 1946లో అక్కడ కలిశారు, డేలిలీ సొసైటీ పుట్టింది. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో, చిన్న ఊళ్లల్లో ఉండే ఆడవాళ్లు. ఒకరి ఉత్తరం ఇంకొకరికి, దానికి జోడించి మూడోవారికి, అలా చుట్టూ తిరిగే ఉత్తరాల మూటలతో రకాల ఖబర్లు పంచుకున్నారు. స్టౌట్ పేరిట మెడల్ పెట్టిందీ ఈ సొసైటీయే, మొదటిది 1950లో.

తర్వాతి మలుపులో మన యూనానీ దవాఖానా తలుపు తట్టినట్టయింది నాకు. కీళ్లనొప్పులకు హకీంలు ఇచ్చే సూరంజాన్ విన్నారా? ఇబ్న్ సీనా కాలం నాటికే తెలిసిన దవా. ఆ సూరంజాన్ జాతి మొక్కలోని జహరే కాల్చిసిన్. అది తగిలితే విడిపోబోతున్న కణం విడిపోక క్రోమోజోములు రెట్టింపవుతాయని 1937 ప్రాంతంలో తేలింది. 22 ఉన్న డేలిలీని 44 చేశారు. షికాగో దగ్గర ఆర్విల్ ఫే, రాబర్ట్ గ్రీస్‌బాక్ ఇద్దరూ 1960ల మొదట్లో ‘క్రెస్ట్‌వుడ్’ పేరుతో అలాంటివి తెచ్చారు. దళసరి రేకులు, బలమైన కాడలు, ముదురు రంగులు. ఇవాళ ఖరీదైనవి ఎక్కువగా ఈ బాపతే. నాకు వీటి మీద మోజు లేదు, పువ్వు మరీ బరువుగా, పెళ్లి షేర్వానీలా ఉంటుంది. ఇది పసంద్ మాటే, ఝగడా వద్దు.

ఇక అందరికీ తెలిసిన ‘స్టెల్లా డి ఓరో’. ఇండియానాలోనే వాల్టర్ యబ్లోన్‌స్కీ 1975లో రిజిస్టర్ చేశాడు. ఎత్తు 11 అంగుళాలు. చిన్న బంగారు పువ్వు, కానీ ఒకసారి పూసి ఊరుకోదు, వేసవి అంతా ఆగి ఆగి మళ్లీ పూస్తుంది. 1985లో స్టౌట్ మెడల్ దీనికే. అక్కడి మాల్స్ ముందు, పెట్రోల్ బంకుల దగ్గర, చివరికి మస్జిద్ పార్కింగ్ చుట్టూ కూడా ఇదే. అందుకే షౌకీన్లు దీని పేరెత్తితే మొహం చిట్లిస్తారు. ఎక్కువమందికి అందిన పువ్వును తక్కువ చేయడం ఒక రివాజ్. రంగు కొంచెం గాఢం, ఆవపచ్చ వైపు పోతుందన్నది మాత్రం నిజం. లేతపసుపు కావాలంటే దీని బిడ్డ ‘హ్యాపీ రిటర్న్స్’ ఉంది, డారెల్ ఆప్స్ తీసినది. దాని జోడీలో రెండో వైపు ‘సూజీ వాంగ్’ అనే రకం, గానీ నాకు దాని శజరా కన్నా ఓపిక నచ్చింది.

మన హైదరాబాద్ వేడికి వీటన్నిటినీ తెచ్చిపెట్టుకుంటే లాభం లేదు. చలికాలం ఆకు రాల్చి పడుకునే రకాలకు చలి నిద్ర కావాలి, లెమన్ లిల్లీ, ‘హైపీరియన్’, ‘స్టెల్లా’ ఆ తరహావే. ఇక్కడ ఏడాది పొడుగునా ఆకు పచ్చగా ఉండే రకాలు అడగండి. సగం ఎండ, నీరు నిలవని మట్టి, కుండీ అయితే వెడల్పైనది. మూడు నాలుగేళ్లకు కుదురు కిక్కిరిసి పూలు తగ్గుతాయి. అప్పుడు మొత్తం పైకి తవ్వి, మట్టి కడిగి, రెండు చేతులతో పట్టి విడదీయాలి. ఒక్కో ముక్కకు రెండు మూడు ఆకుల విసనకర్రలు, కింద వేళ్లు ఉంటే చాలు. ఆకుల్ని జానెడు ఎత్తుకు కత్తిరించి, మొదలు అంగుళం లోతున ఉండేలా నాటాలి. తవ్విన మొక్క పాత గుడ్డలో చుట్టి నీడన పెడితే కొన్ని రోజులు ఆగుతుంది, ఇంకో ఊరికి పంపడానికి ఆ టైమ్ సరిపోతుంది.